ఊళ్ళో లాటినోలు నలభై శాతం ఉన్నారు, కౌన్సిల్‌లో ఒక్కరూ లేరు. ఎందుకని?

కాలువగట్టు:
డల్లాస్ పక్కన ఒక చిన్న సిటీలో ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాం. కింద రాసేది ఫిర్యాదు కాబట్టి ఊరి పేరు చెప్పను. పోయిన మంగళవారం మొదటిసారి సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్ళాను. మా అపార్ట్‌మెంట్ల వెనక రోడ్డుకి ఫుట్‌పాత్ లేదు, పిల్లలు గడ్డిలో పడి స్కూలుకి నడుస్తున్నారు. ఆ సంగతి చెబుదామని వెళ్ళాను.

నాకంటే ముందు ఒక పెద్దావిడని పిలిచారు. మా కాంప్లెక్స్‌లోనే ఉంటుంది, మెక్సికో ఆవిడ. శనివారం పొద్దున్నే తమాలేలు చేసి అమ్ముతుంది. మొక్కజొన్న పొత్తి ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, మన పొట్టిక్కలకి వేలువిడిచిన చుట్టం అనుకోండి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. పన్నెండేళ్ళ మనవరాలు పక్కన నిలబడి ఒక్కో మాటా ఇంగ్లీషులో చెబుతోంది. ఎదురుగా ఎర్ర అంకెల గడియారం 3:00 నుంచి దిగుతోంది. ఆవిడ ఒక ముక్క, పిల్ల ఒక ముక్క. ఎంత తొందరగా చెప్పినా ఆవిడ వంతుకి వచ్చింది ఒకటిన్నర నిమిషమే. సిటీ షటిల్ బస్సు ఆపేస్తే మా ఆయన్ని డయాలసిస్‌కి ఎట్లా తీసుకెళ్ళాలని అడగడం మొదలుపెట్టిందో లేదో సున్నాలు పడ్డాయి, మైకు ఆపేశారు. పిల్ల ఇంకా చెబుతూనే ఉంది, ఎవరికీ వినపడలేదు. మనవరాలి భుజం మీద చెయ్యి వేసి, కౌన్సిల్ వాళ్ళకి నమస్కారం పెట్టినట్టు తల వంచి, ఆవిడ వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత నా మూడు నిమిషాలు నేను మాట్లాడాను గానీ ఏం మాట్లాడానో నాకే గుర్తు లేదు. ఎత్తు బల్ల వెనక ఏడుగురు కూర్చున్నారు. ఊళ్ళో లాటినోలు, అంటే మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా లాంటి చోట్ల మూలాలున్నవాళ్ళు, నలభై శాతం దాకా ఉన్నారు. ఆ ఏడుగురిలో ఒక్కరూ లేరు. వీళ్ళకే పట్టదా, లేక ఇంకేమన్నా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

సూటిగా:
ఓటు వెయ్యరు. అంతే. మే నెలలో జరిగే లోకల్ ఎన్నికలకి ఎంతమంది వెళ్తారో చూడండి.

నల్లేరు:
సూటిగా గారూ, మే ఎన్నికలకి ఎవరు మాత్రం వెళ్తున్నారు? మా వీధిలో ఏ జాతివాళ్ళూ వెళ్ళరు.

ఫార్మర్స్‌బ్రాంచ్_పాతకాపు:
ఇక్కడ ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కాలువగట్టు గారూ, ముందు మీ ఊళ్ళో ఎన్నిక ఎలా జరుగుతుందో కనుక్కోండి. అట్-లార్జా, డిస్ట్రిక్టులా? మన మున్సిపాలిటీల్లో ఏ వార్డు వాళ్ళు ఆ వార్డు కౌన్సిలర్‌ని ఎన్నుకుంటారు కదా, డిస్ట్రిక్టు పద్ధతి అంటే అలాంటిదే. అట్-లార్జ్ అంటే ఊరంతా కలిసి ప్రతి సీటుకీ ఓటేస్తారు. ఓటర్లలో యాభై ఐదు శాతం ఉన్న వర్గం ఒక్క మాట మీద ఉంటే ఒకటో సీటూ వాళ్ళదే, ఆరో సీటూ వాళ్ళదే. మిగతా నలభై ఐదు శాతానికి నలభై ఐదు శాతం సీట్లు రావు, సున్నా వస్తుంది.

డల్లాస్ పక్కనే ఉన్న మా ఫార్మర్స్ బ్రాంచ్‌లో అదే జరిగింది. 2006లో పత్రాలు లేని వలసదారులకి ఇళ్ళు అద్దెకిస్తే ఓనర్లకి జరిమానా అని మా కౌన్సిల్ ఒక ఆర్డినెన్స్ (ఊరి వరకు చట్టం) చేసింది. కోర్టుల్లో ఏళ్ళ తరబడి నలిగి, 2014లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోకపోవడంతో ఆ కథ ముగిసింది. లాయర్ల ఫీజులకి పోయింది మా పన్నుల డబ్బే. ఆ ఆర్డినెన్స్ ఎవరి గురించి చేశారో ఆ జనం నుంచి అప్పుడు కౌన్సిల్‌లో ఒక్క మనిషి లేడు. తర్వాత కొందరు స్థానికులు ఎన్నికల పద్ధతి మీదే కేసు వేశారు. ఈ పద్ధతి, ఓటు విషయంలో జాతి వివక్ష కూడదనే ఓటింగ్ హక్కుల చట్టానికి విరుద్ధమని 2012లో ఫెడరల్ జడ్జి తేల్చాడు. 2013లో డిస్ట్రిక్టుల వారీగా మొదటి ఎన్నిక జరిగితే ఆనా రేయెస్ గెలిచింది. మా కౌన్సిల్‌లో మొదటి హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న మనిషి) ఆవిడే.

2012లోనూ అదే జనం, 2013లోనూ అదే జనం. ఊరిని డిస్ట్రిక్టులుగా గీశారు. మారింది గీతలే.

సీతాఫలం:
"మారింది గీతలే" అన్న మాట నోట్ చేసుకున్నా.

ఇర్వింగ్_రాము:
పాతకాపు గారు చెప్పింది డల్లాస్ పక్కనే ఉన్న మా ఇర్వింగ్‌కీ వర్తిస్తుంది. మనవాళ్ళు గాంధీ విగ్రహం, ఇడ్లీ హోటళ్ళు, దీపావళి మేళాల గురించే చెప్పుకుంటారు గానీ ఈ ఊళ్ళో ఇంకో చరిత్ర ఉంది. మాన్యుయెల్ బెనవిడెజ్ అనే స్థానికుడు సిటీ మీద కేసు వేశాడు. ఇక్కడా అట్-లార్జే ఉండేది. 2009లో ఆయన గెలిచాడు. ఆరు డిస్ట్రిక్టులు, రెండు అట్-లార్జ్ సీట్లు, ఒక మేయర్ అనే ఇప్పటి ఏర్పాటు అలా వచ్చింది.

దాని మీద మళ్ళీ ఇంకొందరు కోర్టుకి వెళ్ళారు. వాళ్ళ వాదన ఏంటంటే, ఒక డిస్ట్రిక్టులో సిటిజన్లు కానివాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అక్కడ తక్కువ ఓట్లతోనే గెలవచ్చు, అది అన్యాయం అని. 2011లో అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు. అంటే డిస్ట్రిక్టు గీసేటప్పుడు ఓటున్నా లేకున్నా మనుషులందరినీ లెక్కపెట్టొచ్చు. 2016లో టెక్సస్ సెనేట్ గురించి వచ్చిన ఎవెన్వెల్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మొత్తం జనాభాని బట్టి గీయడం రాజ్యాంగబద్ధమే అంది.

హెచ్‌వన్_పదిహేనేళ్ళు:
రాము గారూ, ఇది చదివి కాసేపు ఆగిపోయాను. నేను గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాను. పదిహేనేళ్ళయింది. ఇల్లు కొన్నాను, ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాను, మా పాప ఇక్కడే పుట్టింది. ఓటు లేదు. ఈ ఊళ్ళో నేను ఎవరి లెక్కలోనూ లేననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. డిస్ట్రిక్టు గీసినప్పుడు నన్నూ ఒక మనిషిగా లెక్కపెట్టారంటే, ఆ వాదనలో మేమూ లాటినోలూ ఒకే వైపు ఉన్నట్టే కదా.

ఇర్వింగ్_రాము:
అవును తమ్ముడూ. ఒకే వైపు.

సూటిగా:
ఆగండి ఆగండి. మీ ఆవేదన నాకూ అర్థమవుతుంది, కానీ నాకొక సందేహం ఉంది. మనిషి రంగు, పేరు చూసి సీటు ఇస్తే మంచి పాలన వస్తుందా? లాస్ ఏంజెలెస్ పక్కన బెల్ అని చిన్న ఊరుంది. తొంభై శాతం పైగా లాటినోలే. 2010లో బయటపడిన సంగతి గుర్తుందా? ఊరి పనులు నడిపే అధికారి, సిటీ మేనేజర్, జీతం ఏడాదికి ఏడు లక్షల ఎనభై వేల డాలర్ల పైమాటే. ఐదుగురు పార్ట్‌టైమ్ కౌన్సిల్ సభ్యుల్లో నలుగురు ఒక్కొక్కరూ లక్ష దగ్గరదగ్గరగా తీసుకున్నారు. ఆ కౌన్సిల్ వాళ్ళందరివీ స్పానిష్ పేర్లే. సొంత జనాన్నే దోచారు. మరి దీనికేమంటారు?

బే_ఏరియా_బావ:
సూటిగా గారు అడిగింది సరైన ప్రశ్న. బెల్ సంగతిలో ఇంకో ముక్క కూడా చెప్పాలి. జీతాల మీద పరిమితి తప్పించుకోవడానికి 2005లో సిటీ చార్టర్ (ఊరు సొంతంగా పెట్టుకునే నియమావళి) కోసం ఒక ప్రత్యేక ఎన్నిక పెట్టారు. మొత్తం ఊరికి పడిన ఓట్లు నాలుగు వందలు కూడా లేవు. చూసేవాళ్ళు లేకపోతే పేరు ఏదైనా ఒకటే. కానీ సంగతి తెలిశాక అదే జనం వీధుల్లోకి వచ్చారు, 2011 మార్చిలో ఆ కౌన్సిల్‌ని రీకాల్ చేసి, అంటే పదవీకాలం మధ్యలోనే ఓటేసి, ఇంటికి పంపారు. దోచిన కౌన్సిల్ వాళ్ళూ లాటినోలే, పట్టుకుని గెంటినవాళ్ళలో ఎక్కువమందీ లాటినోలే. మనుషులన్నాక రెండు రకాలూ ఉంటారు.

సూటిగా:
రీకాల్ సంగతి నేను మర్చిపోయాను. ఒప్పుకుంటున్నా. నా సందేహం మాత్రం పూర్తిగా పోలేదు.

సీతాఫలం:
అసలు "లాటినో" అంటే ఎవరండీ? మా టీమ్‌లో ఒక బ్రెజిల్ అమ్మాయి ఉంది, స్పెయిన్ నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు. ఇద్దరిలో లాటినో ఎవరని లంచ్‌లో గంట సేపు వాదించుకున్నారు.

మెట్‌పల్లి_మాస్టారు:
సీతాఫలం గారూ, మామూలుగా చెప్పే పద్ధతిలో బ్రెజిల్ అమ్మాయి లాటినా, కానీ వాళ్ళ భాష పోర్చుగీసు కాబట్టి హిస్పానిక్ కాదు. స్పెయిన్ ఆయన హిస్పానిక్, కానీ లాటిన్ అమెరికా వాడు కాదు కాబట్టి లాటినో కాదు. ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ ఓడారు.

ఈ పేరు వెనక పెద్ద కథే ఉంది. 1930 జనాభా లెక్కల్లో "మెక్సికన్" అని విడిగా ఒక జాతి పెట్టారు. మెక్సికో ప్రభుత్వమూ, ఇక్కడి మెక్సికన్ అమెరికన్లూ గట్టిగా అడ్డు చెబితే 1940లో తీసేశారు. అప్పట్లో తెల్లవాళ్ళ లెక్కలో ఉండటమే మేలని చాలామంది అనుకున్నారు. తర్వాత తెలిసింది, లెక్కలో కనపడకపోతే అన్యాయం జరిగిందని నిరూపించడం కూడా కుదరదని. హిస్పానిక్ మూలమా అన్న ప్రశ్న 1970లో కొంతమందినే అడిగారు, 1980లో దేశమంతా అడిగారు. జాతి వేరు, ఇది వేరు అని రెండు ప్రశ్నలుగా ఉండేది. ఆ రెండింటినీ ఒకే ప్రశ్నలో కలపాలని 2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించింది.

నా క్లాసులో ఒక కుర్రాడు ఫారం నింపుతూ, సార్, జాతి దగ్గర ఏది టిక్ పెట్టాలి అని అడిగేవాడు. వాళ్ళ నాన్న హోండురాస్ నల్లజాతి మనిషి, అమ్మ తెల్లగా ఉండే మెక్సికన్. ఏది పెట్టినా ఇంట్లో ఒకరిని వదిలేసినట్టు ఉంటుంది సార్ అన్నాడు. ఆ పిల్లాడికి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను.

నల్లేరు:
మాస్టారూ, ఆ పిల్లాడి మాట గుండెకి తగిలింది.

ఎడిసన్_అక్క:
పేరు గురించి నాకూ ఒకటి గుర్తొచ్చింది. మా అమ్మని ఇక్కడ ఒక ఆసుపత్రిలో చేర్చినప్పుడు "ఇండియన్" అని రాసుకుని ఫోన్‌లో హిందీ దుబాసీని ఇచ్చారు. మా అమ్మది తణుకు దగ్గర పల్లెటూరు, హిందీలో పది అంకెలు కూడా రావు. ఆ అమ్మాయి మర్యాదగా ఏదో అడుగుతోంది, మా అమ్మ "ఆఁ ఆఁ" అంటోంది. దేనికి ఒప్పుకుందో ఆవిడకే తెలీదు. నేను పార్కింగ్ నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి సగం ప్రశ్నలు అయిపోయాయి.

గ్వాటెమాలా నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇంటి భాష స్పానిష్ కాదు. మామ్, కిచే లాంటి మాయా భాషలు. వాళ్ళని "లాటినో" డబ్బాలో వేసి స్పానిష్ దుబాసీని ఇస్తే, మా అమ్మకి హిందీ ఇచ్చినట్టే. పైన ఒకే గొడుగు ఉండచ్చు, కింద తడిసేవాళ్ళు మాత్రం వేరు వేరు.

సూటిగా:
చూశారా, నేననేది అదే. గొడుగే తప్పుడు గొడుగైతే దాని పేరు మీద సీట్లు ఎందుకు?

ఎడిసన్_అక్క:
కాదు తమ్ముడూ. గొడుగు చాలదంటున్నాను, పారేయమనడం లేదు. 1975లో ఓటింగ్ హక్కుల చట్టాన్ని సవరించి, ఇంగ్లీషు సరిగా రానివాళ్ళు ఎక్కువున్న చోట వాళ్ళ భాషలోనూ బ్యాలెట్ ఇవ్వాలన్నారు. అందుకోసం గట్టిగా కొట్లాడింది టెక్సస్ మెక్సికన్ అమెరికన్లు. ఆ చట్టం కిందే చికాగో ఉండే కుక్ కౌంటీలో హిందీ బ్యాలెట్ వచ్చింది. ఆ చట్టం వర్తించే చోట్ల 2021 జాబితాలో మా న్యూజెర్సీ మిడిల్‌సెక్స్ కౌంటీ కూడా "ఆసియన్ ఇండియన్" కింద చేరింది. మా పక్క ఊరు పెర్త్ ఆంబాయ్‌లో 2008లో విల్డా డియాజ్ అనే లాటినా మేయరయినప్పుడు మా ఎడిసన్‌లో ఎవరూ పట్టించుకోలేదు. వాళ్ళు నాటిన చెట్టు కింద మనం నీడకి కూర్చున్నాం, ఆ సంగతి కూడా మనకి తెలియదు.

మంగళూరు_అల్లుడు:
పేర్ల గోల మా ఇంట్లో రోజూ ఉంటుంది. మా ఆవిడ మంగళూరు క్రిస్టియన్, ఇంటిపేరు ఫెర్నాండిస్. ఎన్నికలొస్తే మా పోస్టుబాక్సు నిండా స్పానిష్ కరపత్రాలే. ఫోన్‌లో స్పానిష్‌లో మొదలుపెడితే తను కొంకణిలో జవాబిస్తుంది, ఇద్దరూ నవ్వుకుని పెట్టేస్తారు.

బే_ఏరియా_బావ:
అది నవ్వుకునే సంగతే గానీ, కోర్టు కేసుల్లో లాటినో ఓటర్లెంతమందో నిజంగానే స్పానిష్ ఇంటిపేర్ల జాబితా పెట్టి లెక్కేస్తారు. ఫిలిప్పీన్స్ వాళ్ళవి చాలావరకు స్పానిష్ పేర్లే. 2024లో లాస్ ఏంజెలెస్ కౌన్సిల్‌కి గెలిచిన ఇసబెల్ హురాడో పేరు చూసి లాటినా అనుకుంటాం, ఆవిడ ఫిలిపినా.

ఆవిడ ఓడించింది ఎవరినో తెలుసా? కెవిన్ డి లియోన్‌ని. 2022 అక్టోబర్‌లో బయటికొచ్చిన ఆడియోలో ఉన్నాయన. కౌన్సిల్ ప్రెసిడెంట్ నూరీ మార్టినెజ్, ఈయన, ఇంకో సభ్యుడు గిల్ సెడియో, ఒక కార్మిక నాయకుడు, నలుగురూ లాటినోలే, డిస్ట్రిక్టుల గీతల గురించి మాట్లాడుకుంటున్నారు. ఊళ్ళో దాదాపు సగం జనం మనమే, పదిహేను సీట్లలో మనకి నాలుగే అన్నది వాళ్ళ బాధ. ఆ లెక్క నిజమే. కానీ ఆ బాధ చెప్పుకుంటూ ఒక తోటి సభ్యుడి నల్లజాతి బిడ్డ గురించి, మెక్సికోలోని వహాకా నుంచి వచ్చిన మూలవాసుల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడారు. మన నిత్యా రామన్ డిస్ట్రిక్టుని ఎలా ముక్కలు చేయాలన్నదీ ఆ మాటల్లో ఉంది. ఆవిడ కేరళలో పుట్టింది, ఆ కౌన్సిల్‌కి గెలిచిన మొదటి దక్షిణాసియా మహిళ.

ఆ వారం సిటీ హాల్ దగ్గరికి వచ్చి నిలదీసినవాళ్ళలో వహాకా వాళ్ళు ముందున్నారు. "మా పేరు చెప్పి సీట్లడుగుతారు, మా ఒంటిరంగు చూసి మమ్మల్నే వెక్కిరిస్తారా" అన్నదే వాళ్ళ గోడు. రోజుల్లోనే మార్టినెజ్ రాజీనామా చేసింది.

నల్లేరు:
మన దగ్గర ఒక పెద్ద వర్గం పేరు మీద సీటు వచ్చి, అందులో నలుగురున్న ఇళ్ళకే మళ్ళీ మళ్ళీ చేరడం చూడలేదా? చాకలి, మంగలి, వడ్డెర వాళ్ళు ఎప్పుడూ ఇదే అడుగుతారు, "బీసీ సీటన్నారు, మాకేది" అని. అందుకని రిజర్వేషనే వద్దని వాళ్ళెవరూ అనరు. లోపల కూడా పంచమంటారు.

సూటిగా:
నల్లేరు గారూ, ఇది నాకు బాగా అర్థమైంది.

శాన్‌ఆంటోనియో_సుబ్బులు:
ఇంత మాట్లాడి మా ఊరిని వదిలేశారు! నేను చెప్పకపోతే ఎట్లా.

మా శాన్ ఆంటోనియోలో వెస్ట్ సైడ్ అంతా మెక్సికన్ అమెరికన్లు. వాన పడితే వీధులు వాగులయ్యేవి, ఇళ్ళల్లోకి నీళ్ళు. డ్రైనేజీ పనులు కాగితం మీద దశాబ్దాల నుంచి ఉన్నాయి, డబ్బు మాత్రం ఉత్తరం వైపు కొత్త కాలనీలకి పోయేది. 1974లో పెద్ద వాన వచ్చాక చర్చిల్లో కలుసుకునే ఆడవాళ్ళు, సాదాసీదా ఉద్యోగస్తులు కలిసి సి.ఓ.పి.ఎస్. (కమ్యూనిటీస్ ఆర్గనైజ్డ్ ఫర్ పబ్లిక్ సర్వీస్) అనే సంఘంగా ఏర్పడ్డారు. వాళ్ళు చేసిన ఒక పని నాకు భలే ఇష్టం. ఊళ్ళో పెద్దల మాట చెల్లే చోటు కౌన్సిల్ కాదు, డౌన్‌టౌన్ వ్యాపారమని వాళ్ళకి తెలుసు. జాస్కీస్ అనే పెద్ద బట్టల షాపులోకి గుంపుగా వెళ్ళి, ఖరీదైన బట్టలన్నీ వేసుకుని చూసి ఏదీ కొనకుండా పెట్టేశారు. బ్యాంకులో వరసగా నిలబడి డాలర్లకి పెన్నీలు (ఒక్క సెంటు నాణేలు), మళ్ళీ పెన్నీలకి డాలర్లు మార్చుకున్నారు. ఒక్క రాయి వెయ్యలేదు, ఒక్క మాట తూలలేదు. రెండు చోట్లా పని ఆగిపోయింది.

అదే సమయంలో విలీ వెలాస్కెజ్ ఇంటింటికీ తిరిగి ఓటర్లని నమోదు చేయించే సంస్థ పెట్టాడు. "సు వోతో ఎస్ సు వోజ్" అన్నది ఆయన మాట, మీ ఓటే మీ గొంతు అని. ఫెడరల్ ప్రభుత్వం ఒత్తిడి మీద 1977లో మా ఊరు డిస్ట్రిక్టులకి మారింది. ఆ ఏడే పదకొండు మంది కౌన్సిల్‌లో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు, ఒక నల్లజాతి సభ్యుడు గెలిచారు. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యాడు. అంతకుముందు మెక్సికన్ మూలాలున్న మేయర్ అంటే 1840ల నాటి హువాన్ సెగీనే.

మా పాత ఇంటి ఓనరమ్మ వెస్ట్ సైడ్‌లో పెరిగింది. గోడ మీద మోకాలి ఎత్తున చెయ్యి పెట్టి, నీళ్ళు ఇక్కడిదాకా వచ్చేవి, మంచం మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని అని చూపించేది. ఇప్పుడు ఆ వీధికి పెద్ద కాలువుంది. సూటిగా గారూ, ప్రాతినిధ్యం వల్ల ఏమొస్తుందని అడిగారు కదా. కాలువ వస్తుంది.

సీతాఫలం:
సుబ్బులక్కా 🙏

కాలువగట్టు:
సుబ్బులు గారూ, నా పేరుకి కూడా న్యాయం చేశారు. మా తాతది కృష్ణా డెల్టాలో కాలువ చివరి చేను. చివరి చేనుకి నీళ్ళెప్పుడూ ఆఖరునే వచ్చేవి. లస్కరు ఇంటికి తిరిగీ తిరిగీ ఆయన చెప్పులరిగిపోయాయి.

హ్యూస్టన్_శ్రీను:
సూటిగా గారి "ఓటు వెయ్యరు" దగ్గరికి మళ్ళీ వద్దాం. అందులో కొంత నిజముంది, కానీ దాని వెనకాలేముందో చూడాలి. నలభై శాతం జనాభాలో పిల్లలెంతమంది? సిటిజన్లు కానివాళ్ళెంతమంది? వాళ్ళని తీసేస్తే ఓటర్లలో ఇరవై శాతమే ఉండచ్చు. ఆ మిగిలినవాళ్ళు కూడా గెలిచే దారి లేదని తెలిసి ఎందుకు లైన్లో నిలబడతారు? టెక్సస్‌లో ఒకప్పుడు ఓటెయ్యాలంటే 1.75 డాలర్ల పోల్ ట్యాక్స్ కట్టాలి. పాలకూర తోటల్లో కూలి చేసేవాడికి అది చిన్న డబ్బు కాదు. క్రిస్టల్ సిటీ అనే ఊళ్ళో 1963లో ఇంటింటికీ తిరిగి ఆ పన్నులు కట్టించి, ఐదు సీట్లకి ఐదూ మెక్సికన్ అమెరికన్లే గెలిచారు. "ఆసక్తి లేని" జనమే అది.

గెలిచాక కూడా గీతలు వెనక్కి జరుగుతాయి. మా పక్కనున్న పాసడీనాలో, కాలిఫోర్నియాది కాదు, టెక్సస్‌ది, ఎనిమిదికి ఎనిమిదీ డిస్ట్రిక్టు సీట్లే ఉండేవి. లాటినోల బలం పెరుగుతోంది. 2013లో సుప్రీంకోర్టు, ఎన్నికల నియమాలు మార్చే ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్న పద్ధతిని పనికిరాకుండా చేసింది. వెంటనే రెండు డిస్ట్రిక్టులు తీసేసి అట్-లార్జ్ చేయడానికి మా పక్క ఊరు పూనుకుంది. ఇది కావాలని చేసిన వివక్షే అని 2017లో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చి, ఆ పాత అనుమతి పద్ధతిని ఆ ఒక్క ఊరికి కొన్నేళ్ళపాటు మళ్ళీ పెట్టింది.

మా హ్యూస్టన్‌లో కూడా దాదాపు 45 శాతం లాటినోలే. 2022లో పదహారు మంది కౌన్సిల్‌లో లాటినో ఒక్కడే ఉన్నాడు. అందుకే ఐదు అట్-లార్జ్ సీట్ల మీద కేసు పడింది.

సూటిగా:
శ్రీను గారూ, పోల్ ట్యాక్స్ సంగతి నాకు తెలియదు. నా మొదటి పోస్టులో "అంతే" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి మాత్రం గట్టిగా చెబుతా. వాళ్ళంతా ఒకే పార్టీ, ఒకే ఆలోచన అనుకోకండి. టెక్సస్, మెక్సికోల సరిహద్దు నది రియో గ్రాండే పక్కన స్టార్ కౌంటీలో దాదాపు అంతా హిస్పానిక్‌లే. 2024లో అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్‌ని గెలిపించారు, 1892 తర్వాత అదే మొదటిసారి. మా పక్కింటి క్యూబా పెద్దాయన, ఎదురింటి ఎల్ సాల్వడార్ కుటుంబం రాజకీయాలొస్తే పలకరించుకోరు కూడా.

మెట్‌పల్లి_మాస్టారు:
ఆ మాట నిజం. ఎవరికి ఓటేస్తారన్నది వాళ్ళిష్టం. వేసిన ఓటుకి విలువ ఉందా లేదా అన్నదే మనం మాట్లాడుకునేది.

లాయరమ్మ_ఆస్టిన్:
ఆలస్యంగా చూశాను. ఇంత చర్చలో కాలువగట్టు గారి మొదటి పోస్టులోని అసలు సంగతి అందరూ దాటేశారు. ఆ గడియారం సంగతి.

టెక్సస్‌లో 2019లో హౌస్ బిల్ 2840 అని ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వ నియమావళిలో సెక్షన్ 551.007. కౌన్సిల్ మాట్లాడేవాళ్ళకి సమయం పరిమితి పెట్టుకోవచ్చు. కానీ దుబాసీ సాయంతో మాట్లాడే మనిషికి, అదే క్షణంలో అనువాదం వినిపించే పరికరాలు లేకపోతే, కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. మూడు నిమిషాలైతే ఆరు. అది దయ కాదు, చట్టం. మనవరాలు దుబాసీగా నిలబడ్డా ఇదే అడగచ్చు.

మీ సిటీ వాళ్ళు కావాలని చేశారని నేననను. చాలా చిన్న ఊళ్ళలో గడియారం నొక్కేవాళ్ళకి ఈ సెక్షన్ తెలియదు. సిటీ సెక్రటరీకి సెక్షన్ నంబరు వేసి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. కోపంగా రాయకండి.

కాలువగట్టు:
అమ్మా, ఇది నాకు తెలిసుంటే ఆ రోజే లేచి చెప్పేవాణ్ణి. ఇప్పుడే రాస్తున్నా.

కొత్తగా_వచ్చా:
నేను డల్లాస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చి మూడు నెలలే. ఓటు లేని మనలాంటివాళ్ళు కూడా కౌన్సిల్ ముందు మాట్లాడొచ్చా? వీసాకి ఏమన్నా ఇబ్బందా?

లాయరమ్మ_ఆస్టిన్:
మాట్లాడొచ్చు. ఆ చట్టంలో ఉన్నది "ప్రజల్లో ఎవరైనా" అనే, "ఓటరు" అని కాదు. మీ సొంత పరిస్థితి ఏమన్నా చిక్కుగా ఉంటే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగండి.

కాలువగట్టు:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. సిటీ సెక్రటరీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. క్షమించమని రాశారు. ఇకమీదట దుబాసీతో మాట్లాడేవాళ్ళకి ఆరు నిమిషాలు పెడతామన్నారు, ముందురోజు చెబితే స్పానిష్ తెలిసిన ఉద్యోగిని కూడా కూర్చోబెడతామన్నారు. మా ఊరు ఇంకా అట్-లార్జే అని కూడా అందులోనే తెలిసింది. అది పెద్ద పని, నిదానంగా చూడాలి.

ఆ కాగితం ప్రింట్ తీసుకుని సాయంత్రం పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. మనవరాలు గుమ్మంలోనే నిలబడి మొత్తం చదివి, లోపలికి కేకేసి స్పానిష్‌లో చెప్పింది. పెద్దావిడ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "సెయిస్?" అని ఆరు వేళ్ళు చూపించి అడిగింది. నేనూ ఆరు చూపించాను. పిల్ల అయితే, నేను మాట్లాడాల్సిన పని లేదా అని అడిగింది. ఉద్యోగి ఉంటాడు, నువ్వు ఊరికే పక్కన కూర్చోవచ్చు అన్నాను. ఆ పిల్ల ముఖం తేలిక పడటం చూశాను. అంతవరకూ దాని భుజాల మీద ఎంత బరువుందో నాకు తట్టలేదు.

ఎడిసన్_అక్క:
కళ్ళు చెమర్చాయి నాయనా. మా అమ్మకి చదివి వినిపించాను.

సూటిగా:
మీటింగ్ ఎప్పుడు? నేనుండేది పక్క ఊరే. వచ్చి వెనక వరసలో కూర్చుంటా.

కాలువగట్టు:
రెండో మంగళవారం, సాయంత్రం ఆరున్నర. మాట్లాడాలంటే లోపలికి రాగానే కుడి పక్క బల్ల మీద కార్డులుంటాయి, మొదలవకముందే నింపి ఇవ్వాలి. వచ్చేవాళ్ళు పిల్లల్ని కూడా తీసుకురండి. ఫుట్‌పాత్ సంగతి ఈసారి సరిగా చెప్పాలి.